తుంటి కీలు మార్పిడి: నాలుగు రకాల ఇంప్లాంట్లు, నాలుగు రేట్లు. తేడా అసలు ఎక్కడుంది?

గోదారి_గట్టు
మా అన్నయ్యకి 44 ఏళ్లు, పౌరోహిత్యం చేస్తాడు. కోవిడ్ అప్పుడు స్టెరాయిడ్లు బాగా ఎక్కించారు. రెండేళ్లు తిరక్కుండా కుడి తుంటిలో నొప్పి. ఎమ్మారైలో ఏవీఎన్ అని తేలింది, అంటే రక్తం అందక ఎముక చచ్చిపోవడమట, తొడ ఎముక తల కుంగిపోయింది, కీలు మార్చక తప్పదన్నారు. అక్కడిదాకా అర్థమైంది. నిన్న కౌన్సెలింగ్ గదిలో ఒక కాగితం చేతిలో పెట్టారు. మెటల్-పాలీ సిమెంటెడ్, సిరామిక్-పాలీ అన్‌సిమెంటెడ్, సిరామిక్-సిరామిక్, డ్యూయల్ మొబిలిటీ. పక్కన నాలుగు రేట్లు. మొదటిదానికీ ఆఖరుదానికీ లక్ష పైనే తేడా. "ఏది కావాలో చెప్పండి" అంది అక్కడి అమ్మాయి. చీరల కొట్లో అడిగినట్టు అడిగితే ఏం చెప్తాం?

అన్నయ్య అడిగింది ఒక్కటే. "పీట మీద బాసింపట్టు వేసుకుని రెండు గంటలు కూర్చోగలనా?" దానికి ఆ కాగితంలో జవాబు లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు_నాని
మా దిక్కు సక్లముక్లం అంటం. మా మామకు చేసినంక డాక్టర్ కింద కూసోవద్దనే చెప్పిండు. కుర్చీ, కమోడ్, అంతే.

గోదారి_గట్టు
నాని గారూ, అదే మా భయం. కింద కూర్చోకపోతే ఆయనకి బతుకుతెరువే లేదు.

ఆర్థో_పీజీ
ముందు ఆ కాగితాన్ని విడదీద్దాం. అందులో రెండు వేరు వేరు ప్రశ్నలు కలిసిపోయాయి.

తుంటి అంటే బంతి-గిన్నె కీలు. కృత్రిమ కీలులో నాలుగు ముక్కలుంటాయి. కటి ఎముకలో కూర్చునే లోహపు గిన్నె, దానిలోపల లైనర్, లైనర్‌లో తిరిగే బంతి (మేం హెడ్ అంటాం), బంతిని మోస్తూ తొడ ఎముక గొట్టంలోకి దిగే కాడ, అంటే స్టెమ్. పాతకాలం సిమెంటెడ్ పద్ధతిలో లోహపు గిన్నె ఉండదు, ప్లాస్టిక్ గిన్నెనే నేరుగా సిమెంటుతో పెడతారు.

"సిమెంటెడ్, అన్‌సిమెంటెడ్" అనేది ఎముకకి ఎలా అతుకుతుంది అనే ప్రశ్న. "మెటల్-పాలీ, సిరామిక్-పాలీ" అనేది ఏది దేనిమీద రాసుకుంటుంది అనే ప్రశ్న. ముందుమాట బంతిది, రెండోది లైనర్‌ది, పాలీ అంటే పాలీథీన్ ప్లాస్టిక్. డ్యూయల్ మొబిలిటీ ఈ రెండింటికీ సంబంధం లేని మూడో విషయం, అది జారిపోకుండా చేసిన ఏర్పాటు. రేటు పెరిగేకొద్దీ మంచిదని చదువుకోకండి.

కడప_కారం
ఏందప్పా అంత కథ, ఖరీదైంది పెడితే వాళ్లకి కమీషన్ ఎక్కువ. మా ఊర్లో అందరికీ మామూలు మెటల్-పాలీనే పెట్టినారు, బాగానే తిరుగుతాండారు.

రెండో_తుంటి
కడప అన్నా, మీ ఊళ్లో వాళ్ల వయసెంత? 70లో చేయించుకుంటే ఏది పెట్టినా జీవితకాలం వచ్చేస్తుంది. 44కి చేయించుకునేవాడి లెక్క వేరు. నా సంగతి చెప్తా.

ఎడమ తుంటి 1998లో చేశారు, అప్పటికి నాకు 31. మెటల్ బంతి, అప్పటి పాత రకం పాలీ లైనర్. పదహారేళ్లు ఏ ఇబ్బందీ లేదు. 2014లో గజ్జలో సన్నగా నొప్పి మొదలైంది. ఎక్స్‌రేలో బంతి గిన్నె మధ్యలో లేదు, పైకి ఎక్కేసి ఉంది. అంటే లైనర్ ఒకవైపే అరిగింది. తీసిన లైనర్‌ని అడిగి తెచ్చుకున్నాను, ఇప్పటికీ బీరువాలో ఉంది. గంధం తీసీ తీసీ సానరాయి ఒక పక్క గుంట పడుతుందే, అచ్చం అలాగే ఉంటుంది. మందంగా ఉన్న వైపు తెల్లగా, అరిగిన వైపు వెలుతురుకి పెడితే వేలి నీడ కనబడేంత పల్చగా.

అరిగిందని కాదు అసలు బాధ. ఆ అరిగిన పొడి ఎక్కడికి పోతుంది? కీలు చుట్టూనే ఉంటుంది. దాన్ని తినడానికి వచ్చిన కణాలు చివరికి మన ఎముకనే తినేస్తాయి. నా గిన్నె వెనక ఎముకలో నిమ్మకాయంత బోలు ఏర్పడింది. అందుకే ఆ కాగితం మీద ముందు చూడాల్సింది "ఏ పాలీ" అని.

మిశ్రలోహం
రెండో_తుంటి గారు చెప్పిన పొడి చుట్టూనే ఈ డిజైన్ చరిత్ర అంతా తిరిగింది. నేను లోహాల పరిశోధనలో 33 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను, డాక్టర్ని కాను. ఆ హద్దులో చెప్తాను.

ఇంగ్లండ్‌లో రైటింగ్టన్ ఆస్పత్రిలో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ ఉండేవాడు. అప్పట్లో ఫ్రాన్స్‌లో జ్యూడే సోదరులు పెట్టిన అక్రిలిక్ బంతి ఉన్న ఒక రోగి ఆయన దగ్గరికొచ్చాడు. వంగినప్పుడల్లా కీలు కీచుమనేది, భోజనాల దగ్గర భార్య భరించలేక లేచిపోయేదట. కీచుమంటోందంటే రాపిడి ఎక్కువుందని. రాపిడి తగ్గించాలంటే జారుడుగా ఉండేది కావాలని చార్న్‌లీ టెఫ్లాన్ గిన్నె పెట్టాడు. మన నాన్‌స్టిక్ పెనం మీద ఉండేదే. సుమారు 300 మందికి పెట్టాక అవి రెండు మూడేళ్లలోనే అరిగిపోయాయి, చుట్టూ కండ పాడైంది. ఆయన ఒక్కొక్కరినీ మళ్లీ పిలిచి ఆపరేషన్ చేసి తీశాడు. ఆ పొడి ఒంట్లో ఏం చేస్తుందో చూడటానికి తన తొడలోకే ఎక్కించుకున్నాడు కూడా.

1962లో ఒక సేల్స్‌మన్ కొత్త ప్లాస్టిక్ ముక్క పట్టుకొచ్చాడు. లాంకషైర్ బట్టల మిల్లుల్లో మగ్గాల గేర్లకి వాడేది, చాలా పొడవాటి అణువులున్న పాలీథీన్. చార్న్‌లీ గోటితో నొక్కి చూసి వద్దని వెళ్లిపోయాడు. ఆయన దగ్గర మెకానిక్‌గా ఉన్న హ్యారీ క్రేవన్ మాత్రం దాన్ని అరుగుదల మిషన్ మీద పెట్టి వదిలేశాడు. మూడు వారాలు నడిచాక చూస్తే, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అరగలేదు. ఆ నవంబర్ నుంచి మనుషులకి పెట్టడం మొదలైంది. ఇవాళ మీ కాగితంలో "పాలీ" అంటే దాని మనవడే.

అమ్మమ్మ_మనవరాలు
మెకానిక్ పేరు గుర్తుంచుకుంటాను. అన్ని పుస్తకాల్లో సర్జన్ పేరే ఉంటుంది.

గోదారి_గట్టు
మిశ్రలోహం గారూ, మనవడు అన్నారు. ఇప్పటిది ఆ పాతదానికంటే ఎలా వేరు?

మిశ్రలోహం
రెండో_తుంటి గారి 1998 లైనర్ లాంటివి చాలావరకు గామా కిరణాలతో శుద్ధి చేసేవారు. అప్పుడు ప్యాకెట్లో గాలి ఉంటే, కిరణాలకి తెగిన అణువులు ఆక్సిజన్‌తో కలిసి పెళుసెక్కేవి. వాడకముందు ప్యాకెట్లో ఎన్నాళ్లుంటే అంత పాడు. 1990ల చివర్లో దీన్ని తిరగేశారు. కావాలనే ఎక్కువ మోతాదు కిరణాలిచ్చి, తెగిన గొలుసుల్ని ఒకదానికొకటి ముడిపడేలా చేసి, వేడిచేసి మిగిలిన తెగిన కొసల్ని మాన్పేశారు. దీన్నే హైలీ క్రాస్‌లింక్‌డ్ పాలీ అంటారు. నేతలో పడుగు ఒక్కటే ఉంటే దారాలు ఊడొస్తాయి, పేక పడితే పట్టు వస్తుంది కదా, అలా. పాత రకం ఏడాదికి సుమారు 0.1 మి.మీ. అరిగేది, ఇది అందులో చిన్న భాగం. తర్వాత విటమిన్ ఇ కలిపినవీ వచ్చాయి, ఆక్సిజన్ దెబ్బ తగలకుండా.

ఒక నష్టం కూడా ఉంది. ముడులు పెరిగేకొద్దీ అరుగుదల తగ్గుతుంది కానీ పగుళ్లని ఆపే గుణం తగ్గుతుంది. అందుకే మరీ పల్చటి లైనర్ మంచిది కాదు.

గోదారి_గట్టు
మరి సిరామిక్-సిరామిక్ అయితే పొడే ఉండదంటున్నారు. వయసు తక్కువ కాబట్టి అదే బెస్ట్ అని మా బావ గట్టిగా అంటున్నాడు.

ఫిజియో_వైజాగ్
నేనూ మీ బావ గారి పార్టీనే. 40లోపు వాళ్లకి మా సర్జన్ ఎక్కువగా అదే పెడతారు.

ఆర్థో_పీజీ
నేను ఒప్పుకోను. అరుగుదలలో సిరామిక్-సిరామిక్ అన్నిటికంటే మేలు, అది నిజం. కానీ గిన్నె ఏటవాలు కాస్త తేడా వస్తే అది క్షమించదు. అంచు మీద బరువు పడుతుంది, కొందరికి కీచు శబ్దం వస్తుంది, లైనర్ అంచు చిట్లే అవకాశముంది. చిట్లితే రివిజన్, అంటే మళ్లీ చేసే ఆపరేషన్, నరకం, ఎందుకంటే గాజు పెంకుల్లాంటి ముక్కలన్నీ ఏరలేం. సిరామిక్ బంతి, క్రాస్‌లింక్‌డ్ పాలీ లైనర్ అయితే సర్జన్ చేతిలో ఒకట్రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది. ఈ అన్నయ్య గారు కింద కూర్చుని లేచే మనిషి. స్టెమ్ మెడ, అంటే బంతి కింద సన్నటి భాగం, గిన్నె అంచుకి తగిలే భంగిమలు రోజూ ఉంటాయి. పాలీ అంచు అయితే నొక్కుకుంటుంది, సిరామిక్ అంచు అయితే చిట్లుతుంది.

ఫిజియో_వైజాగ్
సరే, అంచుకి తగలడం సంగతి ఒప్పుకుంటాను. కింద కూర్చునేవాళ్ల విషయంలో నేనది ఆలోచించలేదు.

కడప_కారం
సిరామిక్ అంటే పింగాణీనే కదా? కింద పడితే పగలదా?

మిశ్రలోహం
టీ కప్పు పింగాణీ కాదు. 1970లో ఫ్రాన్స్‌లో బూటాన్ అనే సర్జన్ అల్యూమినాతో మొదలుపెట్టాడు. తర్వాత జిర్కోనియా వచ్చింది, అది ఇంకా గట్టిదన్నారు. ఫ్రాన్స్‌లో ఒక తయారీదారు కొలిమి రకం మార్చింది, విడివిడి వాయిల్లో కాల్చేదాన్ని సొరంగం కొలిమిలో వరసగా కాల్చడం మొదలుపెట్టింది. అలా కాల్చినవాటిలో కొన్ని బంతులు మనుషుల ఒంట్లో పగిలాయి. 2001లో వెనక్కి పిలిచారు. డిజైన్ అదే, పదార్థం అదే, కాల్చే తీరు ఒక్కటి మారింది. నా ఉద్యోగ జీవితమంతా కుర్రాళ్లకి ఈ ఉదాహరణే చెప్పేవాణ్ణి.

ఇప్పుడు వాడేది అల్యూమినాలో జిర్కోనియా కలిపినది. గులాబీ రంగులో ఉంటుంది. పగలడం చాలా అరుదు.

లీడ్స్_సత్తిబాబు
నేనిక్కడ ఇంగ్లండ్‌లో ఆపరేషన్ థియేటర్ నర్సుని. గులాబీ బంతిని చూడని వారం లేదు.

మీరెవరూ మెటల్-మెటల్ ఊసెత్తలేదు. కాగితంలో లేకపోవడం మంచిదే, కానీ ఎందుకు లేదో తెలియాలి. పాలీ పొడి వద్దనుకుని లోహం మీద లోహమే తిప్పుదామన్నారు. పెద్ద బంతి, జారిపోదు, కుర్రాళ్లకి బాగుంటుందని 2000ల్లో ఎగబడ్డారు. డిప్యూ కంపెనీ ఏఎస్‌ఆర్ గిన్నె 2003లో వచ్చింది. అది సగం గోళం కంటే లోతు తక్కువ. లోతు తక్కువైతే కాలు ఎక్కువ తిరుగుతుందని ఆలోచన. కానీ అంచు దగ్గరికి బరువు వచ్చేసింది, కోబాల్ట్, క్రోమియం అయాన్లు రక్తంలోకి దిగాయి, కీలు చుట్టూ కండ కుళ్లింది. 2010 ఆగస్టులో ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు. అప్పటికి 93 వేల మందికి పెట్టేశారు, అందులో మన దేశంలో సుమారు 4,700. పరిహారం లెక్క, 30 లక్షల నుంచి 1.23 కోట్ల దాకా, కేంద్రం తేల్చింది 2018లో. చాలామంది రోగుల ఆచూకీయే దొరకలేదు.

దాన్ని ముందు పట్టుకుంది ఎవరు? రిజిస్ట్రీలు. ఎవరికి ఏది పెట్టారు, మళ్లీ ఎప్పుడు తీశారు అని దేశమంతా ఒకచోట రాసుకోవడం. స్వీడన్ 1979లో మొదలెట్టింది, ఆస్ట్రేలియా 1999లో, ఇక్కడ 2003లో. ఆస్ట్రేలియా పుస్తకంలో ఏఎస్‌ఆర్ అంకె లేవడం కనబడింది, అక్కడ 2009లోనే ఆపేశారు.

ఓరుగల్లు_నాని
4,700 మందిల ఆచూకీ దొరకకపోవుడేంది? ఒంట్ల ఇనుము పెట్టి అడ్రస్ రాసుకోలేదా?

రెండో_తుంటి
నాని, నేనే దానికి సాక్ష్యం. నా మొదటి ఆపరేషన్ చేసిన ఆస్పత్రి ఇచ్చిన కాగితంలో "ఎడమ టీహెచ్‌ఆర్ చేయబడింది" అని ఒక్క ముక్క, అంటే తుంటి పూర్తిగా మార్చామని. ఏ కంపెనీ, ఏ సైజు, ఏమీ లేదు. ఆ ఆస్పత్రి మూతపడింది.

2015లో లైనర్ మార్చేటప్పుడు నా స్టెమ్ ఎముకలో రాయిలా బిగిసి ఉంది, దాన్ని కదపాల్సిన పనే లేదు. కానీ స్టెమ్ కొసన బంతి బిగించే శంకువు ఉంటుంది కదా, టేపర్. అది ఏ కంపెనీదో తెలియదు. 12/14 అని పేరు ఒకటే అయినా ఒక్కో కంపెనీకి కోణం, గరుకు వేరు. కొత్త బంతి దానిమీద సరిగ్గా కూర్చోకపోతే లోపల లోహం కొరుక్కుంటుంది. సర్జన్ ధైర్యం చేయలేదు. తొడ ఎముకకి కిటికీలా కోసి, బాగున్న స్టెమ్‌ని పీకి, కొత్తది పెట్టి, తీగలతో కట్టారు. ఆరు వారాల్లో నడవాల్సినవాణ్ణి నాలుగు నెలలు వాకర్ మీద ఉన్నాను. అంతా ఒక స్టిక్కర్ లేక.

గోదారి_గట్టు గారూ, ఇంప్లాంటు ప్రతి ముక్క డబ్బాలో స్టిక్కర్లుంటాయి, వాటి మీద కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉంటాయి. ఒక సెట్ డిశ్చార్జ్ కాగితం మీద అంటించి ఇవ్వమని ఆపరేషన్‌కి ముందే చెప్పండి. ఇచ్చేదాకా ఇంటికి కదలకండి.

గోదారి_గట్టు
మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. స్టిక్కర్ల సంగతి ఆవిడే చూసుకుంటానంది.

అమ్మమ్మ_మనవరాలు
మధ్యలో ఒక డౌట్. మా అమ్మమ్మకి 82, తుంటి విరిగితే బంతి ఒక్కటే మార్చారు, గిన్నె పెట్టలేదు. ఆస్టిన్ మూర్ అన్నారు. తక్కువ రకం పెట్టేశారా?

ఆర్థో_పీజీ
టెన్షన్ పడకండి. ఆ వయసులో తొడ ఎముక మెడ విరిగితే, గిన్నె వైపు మృదులాస్థి బాగుంటే సగం మార్పిడి సరిపోతుంది. ఆపరేషన్ టైమ్, రక్తం రెండూ తక్కువ. ఆస్టిన్ మూర్ 1950ల డిజైన్, స్టెమ్‌లో కిటికీల్లా కంతలుంటాయి, ఎముక వాటిలోంచి పెరిగి పట్టుకోవాలని. ఎక్కువ తిరిగేవాళ్లకి తొడ నొప్పి వస్తుంది. అమ్మమ్మగారు ఇల్లూ వాకిలీ తిరిగితే చాలు కదా.

అమ్మమ్మ_మనవరాలు
తులసికోట చుట్టూ తిరుగుతోంది. చాలు.

గోదారి_గట్టు
సిమెంటా, కాదా అన్నది ఇంకా మిగిలిపోయింది.

మిశ్రలోహం
రెండూ పనిచేస్తాయి, రెండూ వేర్వేరు దారుల్లో. అన్‌సిమెంటెడ్ స్టెమ్ ఎక్కువగా టైటానియం. పైన గరుకు పూతో, ఎముకలో ఉండే ఖనిజం లాంటి హైడ్రాక్సీఅపటైట్ పూతో ఉంటుంది. ఎముక దానిలోకి పెరిగి పట్టుకుంటుంది. టైటానియమే ఎందుకంటే వంగే గుణం. దృఢత్వంలో ఎముక 20 గిగాపాస్కల్స్ లోపు, టైటానియం 110, కోబాల్ట్-క్రోమ్ 200 పైన. మరీ గట్టి స్టెమ్ బరువంతా తనే మోస్తే చుట్టూ ఎముకకి పని లేక పల్చబడుతుంది. ఇంటికి గట్టి కోడలొస్తే అత్తగారి నడుం పట్టేసినట్టు. ఇంప్లాంటు గ్రేడ్ టైటానియం మన హైదరాబాద్‌లో మిధాని అనే ప్రభుత్వ లోహాల సంస్థలోనే తయారవుతుంది, అది చాలామందికి తెలియదు.

సిమెంటుది ఇంకో అందమైన కథ. 1970లో ఎక్సెటర్‌లో రాబిన్ లింగ్ అనే సర్జన్, క్లైవ్ లీ అనే ఇంజనీరు కలిసి అద్దంలా మెరిసే సూది ఆకారపు స్టెమ్ చేశారు. 1976లో ఆ మెరుపు అక్కర్లేదనుకుని మ్యాట్ చేశారు. వదులవడం పెరిగింది. 1986లో మళ్లీ మెరుపుకి వచ్చారు. ఎందుకంటే నున్నగా ఉంటే స్టెమ్ సిమెంటులోకి ఒకటి రెండు మి.మీ. జారి చీలలా బిగుస్తుంది. గరుకుగా ఉంటే కదిలిన ప్రతిసారీ సిమెంటుని ఆకురాయిలా అరగదీస్తుంది. సిమెంటుకి నునుపు, ఎముకకి గరుకు.

కడప_కారం
అత్తాకోడళ్ల పోలిక మా ఇంట్లో చదివి వినిపిస్తే గొడవైంది సామీ. కానీ అర్థమైంది. కమీషన్ అని తేలిగ్గా అనేశాను, వెనక్కి తీసుకుంటాండా.

గోదారి_గట్టు
ఇక పీట సంగతి. అందరూ దాని చుట్టూ తిరుగుతున్నారు, దిగట్లేదు.

మిశ్రలోహం
లెక్క నేను చెప్తా. బంతి పెద్దదయ్యేకొద్దీ మెడ అంచుకి తగిలేలోపు ఎక్కువ తిరుగుతుంది. లైనర్ సరిగ్గా సగం గోళం, మెడ 14 మి.మీ. మందం అనుకుంటే, 22 మి.మీ. బంతికి సుమారు 101 డిగ్రీలు, 28కి 120, 36కి 134. పైగా పెద్ద బంతి బయటికి రావాలంటే ఎక్కువ దూరం ఎక్కాలి. చార్న్‌లీ 22 పెట్టింది రాపిడీ అరుగుదలా తగ్గాలని. క్రాస్‌లింక్‌డ్ పాలీ వచ్చాకే పెద్ద బంతి పెట్టే ధైర్యం వచ్చింది. అయితే గిన్నె చిన్నదైతే 36 పట్టదు, మనవాళ్లలో చిన్న గిన్నెలు ఎక్కువ.

ఆర్థో_పీజీ
అసలు విషయం నేను చెప్తా. వెనకవైపు నుంచి చేసిన ఆపరేషన్‌లో కీలు జారేది తొడ బాగా వంగి, మోకాలు లోపలికి వచ్చి, కాలు లోపలికి తిరిగినప్పుడు. ఒక పక్కకి కాళ్లు మడుచుకుని కూర్చోవడం, కుర్చీలో కూర్చుని పక్కన పడ్డ చెప్పు అందుకోవడం లాంటివి. బాసింపట్టులో మోకాళ్లు బయటికి వెళ్తాయి, కాలు బయటికి తిరుగుతుంది. జారే ఆ భంగిమతో పోల్చుకుంటే ఇది మంచిదే. కండలు మానాక కొంతమంది సర్జన్లు ఒప్పుకుంటారు కూడా. ప్రమాదం కూర్చోవడంలో లేదు, దిగేటప్పుడూ లేచేటప్పుడూ ఉంది. గొంతుక్కూర్చోవడం మాత్రం వేరే సంగతి.

డ్యూయల్ మొబిలిటీలో చిన్న బంతి ఒక పెద్ద పాలీ బంతిలో, ఆ పెద్దది గిన్నెలో, రెండూ తిరుగుతాయి. 1970ల్లో ఫ్రాన్స్‌లో బూస్కే చేసిన ఆలోచన. జారడం బాగా తగ్గుతుంది. కానీ రాసుకునే చోట్లు రెండు. 44 ఏళ్లకి నేనైతే వెంటనే దానికి వెళ్లను. నడుం ఎముకలు బిగుసుకుపోయినవాళ్లకి, కూర్చున్నప్పుడు కటి వెనక్కి వాలనివాళ్లకి అయితే ఆలోచిస్తాను. కూర్చుని తీసిన ఎక్స్‌రే అడగండి.

ఫిజియో_వైజాగ్
నేను చూసినంతలో పీట ఎత్తు అసలు కీలకం. ఆరు అంగుళాల పీట వేసుకుని, పక్కన ఎడమ చేతికి ఆనడానికి చిన్న స్టూలు పెట్టుకుంటే లేవడం సగం తేలిక. ఇంకోటి, తడి నేల. బెర్లిన్‌లో బెర్గ్‌మన్ బృందం ఇంప్లాంట్ లోపలే సెన్సర్లు పెట్టి కొలిచింది. మామూలు నడకలో కీలు మీద ఒంటి బరువుకి రెండున్నర రెట్లు పడుతుంది. కాలు తట్టుకుని తూలితే ఎనిమిది రెట్ల దాకా. 80 కిలోల మనిషికి 640 కిలోలు. గడపలు, గుడి మెట్లు, అభిషేకం నీళ్లు, వీటి దగ్గర చూసుకోమనండి.

లీడ్స్_సత్తిబాబు
ఎన్నాళ్లొస్తుంది అని ఎవరూ అడగలేదు కానీ అడుగుతారు. 2019లో లాన్సెట్‌లో వచ్చిన లెక్కలో 100 తుంటుల్లో 58 దాకా 25 ఏళ్లు నిలిచాయి. అవి పాత పాలీ కాలంవి. ఇప్పటివి ఇంకా నిలవాలి. సర్జన్ చెప్పే మోడల్‌కి ఓడెప్ రేటింగ్ ఉందేమో చూడండి, ఇంప్లాంట్లు ఎన్నాళ్లు నిలిచాయో చూసి ఇక్కడి నిపుణుల బృందం ఇచ్చే గ్రేడు అది. 10ఎ స్టార్ అంటే పదేళ్ల రికార్డు ఉన్నట్టు. "కొత్తగా వచ్చింది" అనే మాట వింటే ఒక అడుగు వెనక్కి వేయండి.

గోదారి_గట్టు
నిన్న మళ్లీ వెళ్లాం. ఈసారి కౌన్సెలింగ్ గదికి కాదు, సర్జన్ దగ్గరికే. మీరు రాసినవన్నీ చీటీ మీద రాసుకెళ్లాను. కూర్చుని ఎక్స్‌రే తీయించారు. నడుం బాగానే వాలుతోంది, డ్యూయల్ మొబిలిటీ అక్కర్లేదన్నారు. అన్‌సిమెంటెడ్, గులాబీ బంతి, క్రాస్‌లింక్‌డ్ పాలీ. గిన్నె సైజు 52 రావచ్చని అంచనా, వస్తే 36 బంతి, లేకపోతే 32. మోడల్ పేరు కాగితం మీద రాసి ఇచ్చారు. మూడు నెలలు పీట ముట్టుకోవద్దు, తర్వాత నన్ను చూపించుకుని మొదలుపెట్టు అన్నారు. అన్నయ్య "కుర్చీలో కూర్చుని మంత్రం చెప్తే దేవుడు వినడా?" అని ఆయన్నే అడిగాడు. ఆయన నవ్వి, "వింటాడు, యజమానులు ఒప్పుకోవాలి" అన్నారు.

ఆపరేషన్ వచ్చే గురువారం.

రెండో_తుంటి
స్టిక్కర్లు?

గోదారి_గట్టు
అమ్మ అప్పుడే కొత్త ఫైలు కొని పసుపు రాసి పెట్టింది. మొదటి పేజీ ఖాళీగా ఉంచింది, వాటి కోసమే.